"జారిపడిపోనాది బాబూ"

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో నేను పదేపదే విన్న మాట ఇది: "నూతికాడ జారిపడిపోనాది బాబూ." చెప్పేది రోగి కాదు, వెంట వచ్చినవారు. రోగికి వినబడదు, మాట రాదు. ముంజేతి వెలుపలి వైపు కమిలిన చార. జారిపడేవారు సాధారణంగా అరచేతిని నేలకు ఆనిస్తారు. దెబ్బను అడ్డుకొనేవారికి గాయం ముంజేతికి తగులుతుంది. ఈ సంగతి తెలిసి కూడా ఓ.పి. రద్దీలో నేను "జారిపడుట" అనే వ్రాశాను. ఒక్కసారి కాదు.

వైకల్యం గల స్త్రీపై హింస ఎల్లవేళలా దెబ్బల రూపంలోనే ఉండదు. ఊతకర్రను అందకుండా అటక మీద పెడతారు. మరుగుదొడ్డికి మోసుకుపోవలసి వస్తుందని మంచినీళ్లు తగ్గిస్తారు. ఆ పైన మూత్రకోశ వ్యాధి, మలబద్ధకం. కోపం వస్తే మూర్ఛమందు ఆపివేస్తారు. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం పోవచ్చు. ఇవి ఇంటి సంగతులని పాఠకులు అనుకోవద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షను ప్రకారం సంరక్షణలో ఉన్నవారికి తెలిసి తిండి, నీళ్లు నిరాకరించడమూ, సహాయక పరికరాన్ని పాడుచేయడమూ నేరాలు. ఆరు నెలల నుండి అయిదేళ్ల వరకు జైలు, జరిమానా.

మన పల్లెలలో ఇటువంటి ఆడపిల్లలలో చాలామందికి పెళ్లి కాదు. తల్లిదండ్రుల తరువాత అన్నదమ్ముల పంచన బ్రతుకుతారు. గృహహింస చట్టం భార్యలకే అన్న అపోహ వైద్యులలోనూ ఉన్నది. 2005 నాటి ఆ చట్టం తోడబుట్టినవారి ఇంటికీ వర్తిస్తుంది. 2016లో సుప్రీంకోర్టు తీర్పు తరువాత వదినపైన, అత్తపైన కూడా ఫిర్యాదు చేయవచ్చు. మగవారు హైదరాబాదుకో చెన్నైకో వలసపోయే మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

నా అభిప్రాయం ఒకటి స్పష్టంగా చెబుతాను. ఆమెను ఆ ఇంటి నుండి తీసుకుపోయి ఏదో ఆశ్రమంలో చేర్చడమే ఉద్ధరణ అని మనం భావిస్తున్నాము. ఆమె కోరేది తరచుగా అది కాదు. 2024 నుండి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పేరు ఆమెది, వేలిముద్ర ఆమెది, డబ్బు మాత్రం పక్కనున్న చేతిలోకి పోతుంది. పింఛను తెచ్చే సచివాలయ ఉద్యోగి నెలకొకసారైనా ఆమెను చూసే బయటి మనిషి. ఆ డబ్బు ఆమె చేతికే ఇచ్చి, ఇంటివారిని కాస్త అవతలకు పంపి, "బాగున్నావా అమ్మా?" అని ఆమెనే అడగాలి. వినబడనివారికి సైగలతోనో బొమ్మలతోనో. దీనికి కొత్త పథకం అక్కరలేదు, అయిదు నిమిషాలు కావాలి.

181కి ఫోన్ చేయమంటాము. మాట రాని మనిషి ఎలా చేస్తుంది? అందుకే పొరుగువారి పాత్ర పెద్దది. దివ్యాంగుల చట్టం 7వ సెక్షను ప్రకారం అనుమానం కలిగిన ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు, అంటే మన మండలాలలో తహశీల్దారుకు, తెలియజేయవచ్చు. సదుద్దేశంతో గృహహింసను తెలియజేసినవారిపై కేసు ఉండదని 2005 చట్టమే చెబుతున్నది. స్త్రీలకూ దివ్యాంగులకూ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆదాయ పరిమితి లేదు, నంబరు 15100.

ఇక నా వృత్తిలోని చిన్నవారికి: వెంట వచ్చినవారిని గది బయట కూర్చోబెట్టండి. గాయం ఎక్కడ, ఎంత పొడవు, ఏ రంగు అన్నది వ్రాయండి. "జారిపడింది" అని ఎవరు చెప్పారో వారి పేరు కూడా వ్రాయండి.