పిగ్మేలియన్ పేరిట పంతులుకు శిక్ష

ఉపాధ్యాయ శిక్షణ తరగతులలో ఒక మాట దశాబ్దాలుగా వేదవాక్యంవలె చెలామణి అవుతున్నది. ఉపాధ్యాయుడు నమ్మితే చాలునట, విద్యార్థి ప్రజ్ఞ పెరుగుతుందట. ఇది ప్రయోగాత్మకంగా రుజువైనదట. అనగా విద్యార్థి వెనుకబడితే ఆ లోపం పంతులు మనస్సులోనిదే. అయిదు తరగతులకు ఒక్కడే ఉపాధ్యాయుడున్న బడి విషయంలో ఈ తాత్పర్యం ఎవరికి సుఖప్రదమో పాఠకులు ఊహించగలరు. కనుక ఆ రుజువును కాస్త విప్పి చూద్దాం.

1968లో రాబర్ట్ రోసెంతాల్, లెనోర్ జేకబ్‌సన్ ప్రకటించిన 'పిగ్మేలియన్ ఇన్ ది క్లాస్‌రూమ్' దీనికి మూలం. కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో, 18 తరగతి గదులలో ప్రజ్ఞా పరీక్ష పెట్టారు. సుమారు 20 శాతం పిల్లలను చీటీలు తీసినట్లు ఎంచి, వీరు ఈ యేడు వికసించబోతున్నారని ఉపాధ్యాయులకు చెప్పారు. తరువాత మళ్ళీ కొలిచారు.

ప్రయోగశాలలో కాక బడిలోనే జరిగినది గనుక ఇది క్షేత్ర ప్రయోగం. ప్రయోగశాలలో నియంత్రణ అధికం, సహజత్వం స్వల్పం. క్షేత్రంలో అది తారుమారు. పరిశోధకుడు తాను దేనినీ కదల్చక, ప్రభుత్వమో ప్రకృతియో కదల్చినదానిని గమనిస్తే సహజ ప్రయోగం. గైడు పుస్తకాలకు ఇంత చాలు, పరీక్షలో అయిదు మార్కులు వస్తాయి. సప్రమాణత మాట అక్కడ ఒక నిర్వచనంతో ముగుస్తుంది. అసలు కథ అక్కడే మొదలు.

కాకి వాలినప్పుడే తాటిపండు రాలినంత మాత్రాన కాకి కారణం కాదు. చీటీలు తీసి ఎంచడం ఈ కాకతాళీయ దోషానికి విరుగుడు. అంతర్గత సప్రమాణతకై వారు చేసిన ఆ ఏర్పాటు మెచ్చదగినదే. నా ఆక్షేపణ అటుపైన.

ఎంపికైన పిల్లలకు తక్కినవారికంటే ఒకటో తరగతిలో సుమారు 15 పాయింట్లు, రెండో తరగతిలో సుమారు 10 అధిక వృద్ధి కనబడింది. మూడు నుండి ఆరు వరకు చెప్పుకోదగిన లాభమే లేదు. బడి మొత్తంమీద భేదం 4 పాయింట్లు. వేదికలమీద వినబడేది మాత్రం ఆ 15!

ఆ 15ను కొలిచిన కొలబద్ద ఎట్టిది? అదే యేడు రాబర్ట్ థార్న్‌డైక్ తన సమీక్షలో దానిని బయటపెట్టాడు. ఒకటో తరగతి గది ఒకదానిలో తార్కిక విభాగపు సగటు ప్రజ్ఞాలబ్ధి 31. సామాన్య సగటు 100 అయిన కొలమానంలో, బడికి వచ్చి కూర్చొని పరీక్ష రాసిన పిల్లలందరి సగటు 31 అట! అంత చిన్నవారికి ఆ పరీక్ష తగదు. చెడిన తక్కెడలో పెరిగిన బరువును ఏ వర్తకుడు పద్దులో వ్రాస్తాడు?

ఇక బాహ్య సప్రమాణత. 1984లో స్టీఫెన్ రాడెన్‌బుష్ ఇటువంటి 18 ప్రయోగాలను కూర్చి చూశాడు. పిల్లలను అంతకుముందే రెండు వారాలకు మించి ఎరిగిన ఉపాధ్యాయులలో ఈ ప్రభావం దాదాపు మాయమైంది. ఏళ్ళ తరబడి ఆ పిల్లలనే చూస్తున్న మన పల్లెటూరి పంతులుకు ఈ సిద్ధాంతాన్ని అంటగట్టేవారు ఈ మాట ఏనాడైనా చెప్పారా?

నమ్మకం నిష్ఫలమని నేననను. లీ జుసిమ్, కెంట్ హార్బర్ 2005లో చేసిన సమీక్ష ప్రకారం ప్రభావం ఉన్నది, సాధారణంగా అది చిన్నది. ఆ చిన్నదానిని చిన్నదిగానే చెప్పండి. ఏకోపాధ్యాయ పాఠశాలకు రెండో ఉపాధ్యాయుని పంపకుండా, ఉన్న ఒక్కని నమ్మకాన్ని తూచడానికి మాత్రం రాకండి.