సర్టిఫికెట్లు సరే, దీపావళి బిల్లు సంగతేమిటి?

గౌరవనీయులైన సీఎస్‌ఆర్ విభాగాధిపతి గారికి,

ఆత్రేయపురం పూతరేకుల సంఘం నుంచి రాస్తున్నాను. మీ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. మీకు తెలుసు, మాకు తెలుసు, చాలు.

మొన్న మీ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే మా అమ్మాయి చదివి చెప్పింది. మీ ఉద్యోగులు మాకు వ్యాపారం నేర్పే మెంటరింగ్ కార్యక్రమం విజయవంతంగా ముగిసిందట. జనవరి 9న హైదరాబాద్‌లో మీ క్యాంపస్‌లోనే మాకు సర్టిఫికెట్లు ఇస్తారట. ఫొటోలు బాగా రావాలి కాబట్టి గ్రూపులో అందరం ఒకే రంగు చీరలు కట్టుకుని రావాలట. వస్తూ వస్తూ మీ ఉద్యోగులు రుచి చూడటానికి 200 మందికి సరిపడా పూతరేకులు శాంపిల్‌గా తేవాలట. దారిఖర్చుల ఊసు మాత్రం ఎక్కడా లేదు.

సంక్రాంతి ముందు వారం అండీ అది! కొత్త అల్లుళ్లకీ, పండక్కి వచ్చే పిల్లలకీ, తిరిగి అమెరికా వెళ్లే సూట్‌కేసుల్లోకీ పూతరేకులు అప్పుడే కావాలి. మాకు నాలుగు డబ్బులు కళ్లపడేది ఆ రోజుల్లోనే. ఇన్నాళ్లూ మాతో మాట్లాడిన మెంటర్లలో ఒక్కరైనా, వీళ్లకు ఏ నెలలో తీరిక ఉండదో రాసి పెట్టుకోలేదా?

200 మందికి శాంపిల్ అంటే ఏమిటో కూడా చెప్పనివ్వండి. జయ బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పిండిని పల్చగా జారుగా కలుపుకోవాలి. ఎడమ చేత్తో ఎండు కొబ్బరాకు మంటలోకి తోస్తూ, కుడి చేత్తో పల్చటి గుడ్డను పిండిలో ముంచి బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగాలి. రేకు రెప్పపాటులో ఆరి లేస్తుంది. వేడి తగ్గితే అంటుకుపోతుంది, పెరిగితే మాడుతుంది. తీసే మనిషికి రేకుల లెక్కన కూలి. నెయ్యి, బెల్లం పొడి వేసి చుట్టే మనిషి వేరు, ఆవిడ కూలి వేరు. శాంపిల్‌కని ఎవరూ ఊరికే తియ్యరు, చుట్టరు.

మీ మొదటి మెంటరును మాత్రం ఒక్క మాట కూడా అననివ్వను. విజయనగరం వైపు కుర్రాడు. శనివారం శనివారం ఫోన్ చేసేవాడు. "అక్కా, కొబ్బరాకు ఊరికే వస్తోందా? మీ చాకిరీ ఖరీదు ఎందుకు వెయ్యలేదు?" అని కూర్చోబెట్టి లెక్క రాయించాడు. విరిగిపోయే రేకుల దగ్గరే లాభమంతా పోతోందని పట్టుకున్నది అతనే. అంతా దారిలో పడుతోంది అనుకునేసరికి అతన్ని ఇంకో ప్రాజెక్టుకు మార్చేశారు. తర్వాత ఒకమ్మాయి వచ్చింది, వెళ్లింది. ఆ తర్వాత వీడియోలో పోలండ్ ఆయన. మంచి మనిషే, కాదనను. కుండ చూసి, పొగ చూసి, ఇండక్షన్ పొయ్యికి మారమన్నాడు. మట్టి కుండ ఇండక్షన్ మీద వేడెక్కదని ఆయనకు చెప్పడానికి ఆ సాయంత్రం సరిపోయింది.

ఆన్‌లైన్‌లో దేశమంతా అమ్మమన్నది కూడా మీవాళ్లే. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మాలంటే, టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి తీరాలని ముందు ఎవరూ అనలేదు. తీసుకున్నాం. ఆర్డర్లు వచ్చినా రాకపోయినా రిటర్నులు వెయ్యాలి, ఆడిటరు గారికి ఫీజు కట్టాలి. సలహా ఇచ్చినాయన కార్యక్రమం ముగిసింది. మా రిటర్నులు ఎప్పుడు ముగుస్తాయి?

ఇక అసలు సంగతి. దీపావళికి మీ ఉద్యోగులకు పంచిన గిఫ్టు బాక్సుల్లో పూతరేకులు మావి. 2023లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని మీ మెంటర్లే మాకు స్లైడు వేసి చూపించారు. బాక్సు మీద మీ లోగో అరచేయంత ఉంది, ఆత్రేయపురం పేరు చీమంత అక్షరాల్లో కూడా లేదు. పోనీయండి. డబ్బేది? అడిగితే మీ పర్చేజ్ డిపార్ట్‌మెంటు వాళ్లు 90 రోజులంటారు, మధ్యలో ఉన్న వెండరును అడగమంటారు. వెండరేమో మీ దగ్గర్నుంచి రావాలంటాడు. నెయ్యి కొట్టాయన దగ్గర మాకు 90 రోజులు ఎవరిస్తారు?

మాకు చిన్న పరిశ్రమ కింద ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించింది ఆ విజయనగరం కుర్రాడే. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం సంగతి చెప్పింది కూడా అతనే. మాలాంటి వాళ్ల సరుకు పుచ్చుకున్నాక కాగితం మీద ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. అంటే మీరే నేర్పించారు, మీరే ఎగ్గొడుతున్నారు. క్యాష్ ఫ్లో అని రెండు వారాలు పాఠం చెప్పారే, ఆ పాఠం మీ పర్చేజ్ వాళ్లకు కూడా ఒకసారి చెప్పించరాదూ?

ఉద్యోగులను ఇలా సాయానికి పంపేది మీరొక్కరే అని కాదు. ఐబీఎం 2008 నుంచి తన ఉద్యోగులను జట్లుగా వేరే దేశాలకు నెల రోజుల పాటు పంపేది. అది తమవాళ్లకు నాయకత్వ శిక్షణ కూడా అని దాచకుండా చెప్పుకుంది. మీరూ ఆ మాట అనేస్తే మాకూ సుఖం. ఇక మెంటరుగా ఎవరుండాలన్న సంగతికొస్తే, నైరోబీలో దండోరా అనే బస్తీలో చిన్న వ్యాపారాలు చేసే ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన ఒకటి 2018లో అచ్చయింది. అదే బస్తీలో చాలాకాలంగా వ్యాపారం నడుపుతున్న ఆడమనిషిని మెంటరుగా పెడితే లాభాలు సుమారు 20 శాతం పెరిగాయట. తరగతి గదిలో పాఠాలు చెప్పించిన వాళ్లకు అలా పెరగలేదు. ఆ మెంటరుతో రాకపోకలు ఆగిపోయాక పెరిగిన లాభమూ కరిగిపోయిందట. మా ఊళ్లో ఇరవయ్యేళ్లుగా కొట్టు నడుపుతున్నవాళ్లున్నారు. నెయ్యి ఎక్కడ చవకో, ఏ బస్సులో డబ్బా వేస్తే విరగదో వాళ్లకు తెలుసు. వాళ్లను ఎప్పుడైనా పిలిచారా? పిలిస్తే మీ రిపోర్టులో వాలంటీరు గంటలు తగ్గిపోతాయా?

మెయిల్‌తో పాటు ఒక ఫారం కూడా పంపారు. కార్యక్రమానికి ముందు ఆదాయం, తర్వాత ఆదాయం నింపమన్నారు. దీపావళి బిల్లు ఏ గడిలో వెయ్యమంటారు? రాని డబ్బును ఆదాయం అనాలా? ఆడిటరు ఫీజు ఎక్కడ తీసెయ్యాలి? ఇంత రాశాక కూడా మీ నుంచి ఏం కావాలో నాకే సరిగ్గా చెప్పడం రావడం లేదు. మాతో వ్యాపారం చేస్తారా, మాకు పాఠం చెబుతారా, మాతో ఫొటో దిగుతారా, కాస్త తేల్చుకోండి.

9వ తేదీకి మేం రావడం లేదు. శాంపిళ్లు కావాలంటే ఆర్డరు పెట్టండి, సగం డబ్బు ముందు పంపించాలి.

ఇట్లు,
పూతరేకుల సంఘం సభ్యురాలు,
ఆత్రేయపురం