ఐదొందల ప్రాణం

"ఏటమ్మా, ఎలక్కి ఎక్స్‌రేనా?"

ద్వారకానగర్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పక్కింటి ఆంటీ అడిగిన ప్రశ్న ఇది. నా చేతిలో చెప్పుల అట్టపెట్టె. అందులో తువ్వాలు పరిచి, దాని మీద మా ఉలవ. ఉలవ అంటే మా గినీ పిగ్. ఎడమ వెనక కాలు నేలకి ఆనించడం లేదు. ఎలక కాదని చెప్పాను. "ఏదైతే ఏటి? కొత్తది ఐదొందలకొస్తాది కదా" అన్నారు.

ఆవిడ చెడ్డమనిషి కాదు. వీధికుక్కలకి రోజూ అన్నం పెడతారు. అదే మాట ఆ వారంలో ఇంకో నలుగురు అన్నారు. వాళ్లలో ఇద్దరు కవిత్వం రాస్తారు. అందుకే జవాబు ఇక్కడ రాస్తున్నా.

ముందు నా తప్పులు. పంజరం అడుగున ఇనప తీగల జాలీ ఉంది. "చెత్తంతా కిందకి రాలిపోద్ది, శుభ్రం" అని షాపులో చెబితే నమ్మాను. గినీ పిగ్ అరికాలు మెత్తన. తీగల మీద నిలబడితే పుళ్లు పడతాయి. సందులో ఇరుక్కుంటే బెదిరి గింజుకుంటుంది, ఎముక విరుగుతుంది. ఉలవకి జరిగింది అదే. పైగా ఒక రోజంతా నేను కనిపెట్టలేదు. వేరే జంతువులకి ఆహారమయ్యే ప్రాణి కదా, నొప్పిని బయటికి చూపించదు. మూల కూర్చుంటుంది, తిండి తగ్గిస్తుంది, అంతే. ఆ తిండే పూర్తిగా మానేస్తే పేగుల కదలిక ఆగిపోయి, ఒక్క రోజులోనే ప్రాణం మీదకి వస్తుంది.

ఇంకో తప్పు దాదాపు చేసేశాను. ఫ్రిజ్‌లో మా అన్నయ్య కూతురి అమోక్సిసిలిన్ సిరప్ ఉంది. రెండు చుక్కలు పోద్దామనుకున్నా. చంటిపిల్లలకి ఇచ్చే ఆ మందే గినీ పిగ్ నోట్లో పోస్తే, పేగుల్లోని మంచి బాక్టీరియా పోయి చచ్చిపోవచ్చు. డాక్టరు చెప్పేదాకా నాకు తెలీదు. ఫోన్ కొనేముందు మూడు రాత్రులు రివ్యూలు చూసినదాన్ని, ప్రాణిని కొనేముందు ఒక్క పేజీ చదవలేదు.

మొదట వెళ్లిన క్లినిక్‌లో కుక్కలు, పిల్లులే చూస్తామన్నారు. రెండోచోట ఎక్స్‌రే తీశారు. సన్నటి విరుగుడు. పట్టీ వేస్తే కొరికేస్తుంది, ఇరుకు చోట కదలకుండా ఉంచండి అన్నారు. నొప్పికి మెలోక్సికామ్ చుక్కలు, విటమిన్ సి, రోజూ వంటింటి త్రాసు మీద బరువు. మొత్తం రెండువేల నాలుగొందలు అయ్యింది.

ఇప్పుడు ఆ వాదన సంగతి. "కొన్న ధర కంటే వైద్యం ఎక్కువైతే పారెయ్." ఇది వస్తువుల లెక్క. మిక్సీకి సరిపోతుంది, ఎందుకంటే మిక్సీకి నొప్పి లేదు. ఉలవ ధర షాపువాడు పెట్టాడు. దాని నొప్పి ధర ఎవరూ పెట్టలేదు. ఐదొందల ప్రాణికి ఐదొందల నొప్పి, ఐదువేల ప్రాణికి ఐదువేల నొప్పి ఉండవు. ఇదే ఆంటీ వీధికుక్కని ఎవరైనా రాయి పెట్టి కొడితే ఊరుకోరు. ఆ కుక్క ఖరీదు సున్నా.

రెండో వాదన ఇంకా గట్టిది. "కేజీహెచ్‌లో మనుషులు కాళ్లు విరిగి క్యూలో ఉన్నారు, నువ్వు దీనికి ఖర్చు పెడతావా?" ఈ మాట నన్ను నిజంగానే ఇబ్బంది పెట్టింది. ఆ రెండువేల నాలుగొందలు ఒక మనిషికి పనికొచ్చేవే. కానీ అదే నెలలో నేను సినిమాలకీ బిర్యానీలకీ అంతకంటే ఎక్కువ తగలేశాను. అప్పుడెవరూ కేజీహెచ్ పేరెత్తలేదు. పేదవాడి కాలు మనకి ఇంకో ప్రాణి కాలు ముందే గుర్తొస్తోందంటే, అతన్ని అడ్డం పెట్టుకుంటున్నామని అర్థం. నిజంగా డబ్బుల్లేక చూపించలేనివాళ్లని నేనేమీ అనను. ఉండీ, కొనీ, తర్వాత లెక్కలేసేవాళ్లతోనే నా పేచీ.

"మేమేమన్నా గినీ పిగ్‌లమా?" అని మనం కోపంగా అంటాం కదా. ఆ మాట వెనక ఓ చరిత్ర ఉంది. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గినీ పిగ్‌లకి ధాన్యం తిండి మాత్రమే పెట్టి చూస్తే వాటికి స్కర్వీ వచ్చింది. మనలాగే వాటి ఒంట్లోనూ విటమిన్ సి తయారవదు. ఆ లోపమే మన జబ్బుని అర్థం చేసుకోవడానికి పనికొచ్చింది. ఈ రోజుకీ షాపుల్లో వాటికి గింజలు పోసి "ఇది చాలు మేడమ్" అంటున్నారు. విటమిన్ సి అందకపోతే కీళ్లు వాచి, దెబ్బ తగలకుండానే కుంటుతాయి. ఒక జామకాయ ముక్క, కాస్త క్యాప్సికమ్, రోజంతా నమలడానికి గడ్డి. సంపత్ వినాయక గుడికి పట్టుకెళ్లే గరికే దీనికీ మంచి తిండి. మన ఊళ్లో దొరకనిది ఒక్కటీ లేదు.

చట్టం సంగతీ చూడండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో మొదటి తప్పుకి జరిమానా పది రూపాయల నుంచి యాభై వరకు. ఉలవ ఖరీదులో పదో వంతు దాటదు! 2018లో పెట్ షాపుల నియమాలు వచ్చాయి. ప్రతి షాపూ రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్టర్ కావాలి. మీరెప్పుడైనా ఆ కాగితం చూపించమని అడిగారా? నేనూ అడగలేదు.

కాబట్టి నేను చెప్పేది ఇంతే. జాలీ అడుగున్న పంజరం కొనకండి. మీ ఊళ్లో గినీ పిగ్‌ని చూసే డాక్టరెవరో తెలుసుకున్నాకే గినీ పిగ్‌ని తెచ్చుకోండి. వైద్యానికి డబ్బు పక్కన పెట్టలేకపోతే అసలు తేవద్దు. ముద్దొస్తోందని కొనడం ప్రేమ కాదు, షాపింగ్.

ఆరు వారాలైంది. ఉలవ నడుస్తోంది. ఎడమ కాలు కొంచెం ఎడంగా వేస్తుంది, ఇక అలాగే ఉంటుందట. మొన్న ఆంటీ తలుపు కొట్టి కొత్తిమీర కాడలు ఇచ్చారు. "పారేసేవే" అన్నారు. లోపలికొచ్చి కాసేపు చూసి, "ఇంతకీ ఎంతయ్యింది?" అని మళ్లీ అడిగారు.

చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు.