వైరస్ కాదు, పర్మిషన్

"మీ ఫోన్‌లో వైరస్‌లు ఉన్నాయి" అని మెసేజ్ రాగానే ఇంట్లోవాళ్ళు ఫోన్ తెచ్చి మన చేతిలో పెడతారు. బీటెక్ కదా మరి! మనవాళ్ళలో చాలామంది వెంటనే ఇచ్చే సలహా "రీసెట్ కొట్టేద్దాం". ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు! బ్యాకప్ లేకపోతే ఫొటోలు కూడా పోతాయి.

చాలాసార్లు అది వైరసే కాదు, బ్రౌజర్‌లో ఇచ్చిన పర్మిషన్. క్రోమ్‌లో ఈ పుష్ నోటిఫికేషన్లు 2015లో వచ్చాయి. రిజల్ట్స్ కోసమో, సినిమా కోసమో ఏదో సైట్ తెరిస్తే "మీరు రోబో కాకపోతే అలో నొక్కండి" అంటుంది. అసలైన క్యాప్చాకి నోటిఫికేషన్ పర్మిషన్‌తో పనే లేదు. ఒక్కసారి నొక్కితే, ట్యాబ్ మూసేసినా ప్రకటనలు వస్తూనే ఉంటాయి.

వదిలించుకోవడం తేలికే. క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ తెలియని సైట్లన్నీ బ్లాక్ చేయండి. బ్రౌజర్ వాడకపోయినా హోమ్ స్క్రీన్ నిండా ప్రకటనలు పడుతుంటే మాత్రం ఏదో యాప్‌ని అనుమానించాలి. ఆండ్రాయిడ్ సేఫ్ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లు పనిచేయవు. అక్కడ ప్రకటనలు ఆగిపోతే, కొత్తగా వేసినవాటిని ఒక్కొక్కటిగా తీసేసి చూడండి.

అయితే అమ్మ ఫోన్ బాగుచేసి ఇచ్చేస్తే సగం పనే అయినట్టు. ఆ సెట్టింగ్ ఆవిడ చేతే తెరిపించాలి. "నీకు తెలీదులే" అని మనం లాక్కుంటే, మనం హాస్టల్లో ఉన్న రోజు ఆ దొంగ మెసేజ్ చూపించిన 'క్లీనర్' యాప్‌నే ఆవిడ నమ్ముతుంది.