పట్టము లేని పండితురాలు



గడచిన మాసమున మా యాడుబిడ్డ వరుసయగు నొకామె మా యింటికి వచ్చి తన కుమార్తె సంగతి చెప్పుకొనినది. పిల్ల మనశ్శాస్త్రములో ఎమ్.ఏ. పూర్తిచేసినది, మెదడునకును జ్ఞాపకశక్తికిని గల సంబంధమును గుఱించి పరిశోధన సలిపి పీహెచ్.డి. పట్టము పొందవలెనని పట్టుపట్టి కూర్చున్నది. "అయిదాఱేండ్లు పట్టునట! చదువే కావలెనన్న గ్రంథములు తెప్పించుకొని ఇంటనే చదువుకొనరాదా? ఆ కాగితమెందులకు వదినా?" అని ఆమె మమ్మడిగినది.

మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. నిజము చెప్పవలెనన్న, ఆ మాట మాకును కొంత ప్రియముగనే యుండెను. మేము కళాశాల గడప త్రొక్కినవారము కాము. తండ్రిగారి యెదుట కూర్చుండి అమరమును వల్లించి, రఘువంశమునకు అర్థము చెప్పించుకొనిన చదువే మా చదువు. ఏ విశ్వవిద్యాలయమును దానిపై ముద్ర వేయలేదు. అందులకై మేమెన్నడును చింతింపలేదు. కాని యీ ప్రశ్న మనసున మెదలుచుండగానే మేరీ విట్టన్ కాల్కిన్సు అను అమెరికా వనిత చరిత్రము చదువుట తటస్థించినది. దానితో మా యభిప్రాయము మాఱినది. ఎట్లు మాఱినదో మీకు విన్నవించెదము.

కాల్కిన్సు 1863లో జన్మించినది. స్త్రీలకై యేర్పడిన వెల్స్లీ కళాశాలలో ఆమె గ్రీకు భాష బోధించుచుండెను. ఆ కళాశాలవారు మనశ్శాస్త్రమును బోధింపదలచి, ఒక యేడు ఆ శాస్త్రమును చదివి వచ్చినచో ఆ పని యామెకే యిత్తుమనిరి. చదువుటకు తగినచోటు దగ్గఱలోనే యున్నది. అది హార్వర్డు విశ్వవిద్యాలయము. అందు విలియం జేమ్సు అను మహాపండితుడు ఆచార్యుడు. కాని యచ్చట స్త్రీలకు ప్రవేశము లేదు. ఆమె తండ్రియు, వెల్స్లీ కళాశాలాధ్యక్షురాలును విన్నపములు పంపుకొనగా, 1890లో హార్వర్డు పాలకులు ఎట్టకేలకు ఒప్పుకొనిరి. ఒప్పుకొనుచునే, దీనివలన ఆమెకు విద్యార్థినిగా నమోదగుటకు హక్కు కలుగదని వ్రాసి పెట్టుకొనిరి. వచ్చి వినవచ్చును గాని పంక్తిలో కూర్చుండరాదన్నమాట!

జేమ్సు తరగతిలో చేరిన తక్కినవారు కొలదిదినములలోనే మానుకొనిరి. గురువును శిష్యురాలును గ్రంథాలయమున చలిమంట కిరుప్రక్కల కూర్చుండి చదువు సాగించిరి. జేమ్సు వ్రాసిన మనశ్శాస్త్ర మహాగ్రంథము ఆ యేడే అచ్చుపడినది. గ్రంథకర్తయే వ్యాఖ్యాతయై చెప్పుచుండగా వినుభాగ్యము ఎందఱికి కలుగును! 1891లో ఆమె వెల్స్లీకి మఱలివచ్చి మనశ్శాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పెను. పిమ్మట మఱల హార్వర్డునకు పోయి, మూన్‌స్టర్‌బర్గు అను జర్మను పండితుని ప్రయోగశాలలో పరిశోధన సాగించెను.

ఆమె చేసిన పరిశోధన బిడ్డలకు చదువు చెప్పుకొను తల్లులకెల్ల సులభముగా బోధపడును. ఎదుట కూర్చున్నవారికి ఒక రంగును కొన్ని క్షణములు చూపి, వెంటనే యొక అంకెను చూపును. ఇట్లు పెక్కు జంటలు చూపిన పిదప, రంగులను మాత్రము వేఱు క్రమమున చూపి, దేనితో నే యంకె వచ్చినదని యడుగును. ఒక జంటను పలుమాఱులు చూపుట, ఒకదానిని కొట్టవచ్చినట్లుగా కనబడజేయుట, ఒకదానిని చిట్టచివర చూపుట, వీనిలో నేది జ్ఞాపకమును గట్టిగా నిలుపునని ఆమె లెక్కకట్టెను. అన్నిటికంటె పలుమాఱులు వచ్చుటయే బలవత్తరమని తేలినది.

వల్లెవేయించిన మన తాతలకు ఈ సంగతి తెలియదా యని మీరడుగవచ్చును. తెలియును. కాని తెలియుట వేఱు, కొలుచుట వేఱు. చారులో ఉప్పు సరిపోయినదని అత్తగారి నాలుకకు తెలియును. క్రొత్తకోడలికి చెప్పవలెనన్న కొలత కావలెను. జ్ఞాపకమునకు కాల్కిన్సు ఒక కొలత గిన్నెను చేసి యిచ్చినది. ఆ గిన్నె యెంతదూరము పోయినదో ముందు చెప్పెదము.

1895లో ఆమె పరిశోధన వ్యాసము సిద్ధమైనది. హార్వర్డు ఆచార్యులు ఆమెను అనధికారముగ పరీక్షించి, పీహెచ్.డి. పట్టమునకు కావలసినదంతయు ఈమె నెఱవేర్చినదని పాలకులకు నివేదించిరి. పాలకులు పట్టమీయ నిరాకరించిరి. స్త్రీ యగుటయే కారణము. అది కాలధర్మమని సరిపెట్టుకొనుటకును వీలులేదు. అంతకు ముందటి యేడు 1894లోనే, ఆ దేశముననే, కార్నెల్ విశ్వవిద్యాలయము మార్గరెట్ వాష్‌బర్ను అను వనితకు మనశ్శాస్త్రములో ఆ పట్టమునే యిచ్చియుండెను.

1902లో హార్వర్డు ప్రక్కనే స్త్రీలకై యేర్పడిన రాడ్‌క్లిఫ్ కళాశాల పేరిట పట్టము పుచ్చుకొమ్మని ఆమెకు వర్తమానము వచ్చినది. ఆమె పుచ్చుకొనలేదు. పట్టము లేకుండుట తనకు అప్పుడప్పుడు ఇబ్బందిగనే యున్నదని ఆమెయే యొప్పుకొనినది. అయినను రాడ్‌క్లిఫ్ కళాశాల ఆ పట్టము నీయకుండుటయే విద్యాదర్శమునకు మేలని వ్రాసి మర్యాదగా త్రిప్పి పంపినది. చదివినది హార్వర్డులో, ఆడువారి కొఱకు వేఱొక పేరుతో ముద్ర యేల? ఆమె యా ముద్ర నొల్లకుండుటకు ఇదియే మూలమని మాకు తోచుచున్నది.

1905లో ఆమె అమెరికా మనశ్శాస్త్ర సంఘమునకు అధ్యక్షురాలైనది. ఆ పదవి నధిష్ఠించిన స్త్రీలలో ఆమెయే మొదటిది. 1918లో ఆ దేశపు తత్త్వశాస్త్ర సంఘమునకును అధ్యక్షత వహించినది. 1927లో హార్వర్డున చదివిన పెక్కుమంది పండితులు, ఈమెకు ఇప్పుడైన పట్టమిండని విన్నవించిరి. మఱల నిరాకరణమే! ఆమె 1930లో పట్టము లేకయే స్వర్గస్థురాలైనది. హార్వర్డు తన పేరిట స్త్రీలకు పీహెచ్.డి. ఇచ్చుట 1963లో గాని ఆరంభము కాలేదు.

ఇంతవఱకు చదివి, "చూచితిరా, కాగితము లేకయే ఆమె యంతటిదైనది గదా!" యని మా యాడుబిడ్డవలె మీరును అందురేమో. మేమును మొదట నట్లే తలచితిమి. తరువాతి కథ చదివిన పిదప ఆ మాట నిలువలేదు.

1953లో అమెరికాలో హార్ట్‌ఫర్డు అను పట్టణమున హెన్రీ మొలైసన్ అను ఇరువదియేడేండ్ల యువకునికి మూర్ఛరోగము కుదుర్చుటకై శస్త్రచికిత్స జరిగినది. మెదడునకు ఇరుప్రక్కల లోపలి భాగమున హిప్పోకాంపసును, దాని చుట్టుపట్లనున్న కొంత భాగమును వైద్యుడు తీసివేసెను. మూర్ఛలు చాలవఱకు తగ్గినవి; కాని యతనికి క్రొత్తసంగతి యేదియు నిలువకుండ పోయినది. 1955లో అతనిని పరీక్షించుటకు బ్రెండా మిల్నరు అను వనిత కెనడాలోని మాంట్రియల్ నుండి వచ్చెను. ఆమె యింగ్లండున కేంబ్రిడ్జిలో చదివినది. ఆ విశ్వవిద్యాలయమును 1948 వఱకు స్త్రీలకు పూర్తి పట్టము నీయలేదు. కెనడాకు పోయిన పిదప, 1952లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయము ఆమెకు పీహెచ్.డి. నిచ్చినది.

మిల్నరు జరిపిన పరీక్షలలో జంటమాటల పరీక్ష యొకటి. ఒక మాట చెప్పినచో దాని జతమాటను చెప్పవలెను. ఇది కాల్కిన్సు చేసియిచ్చిన కొలత గిన్నెయే! మొలైసన్ తెలివి సామాన్యులకంటె ఎక్కువగనే యున్నది. కాని పొంతనలేని కఠినమైన జంటలలో అతనికి వచ్చిన గుణములు సున్న. ఆ దినము తేదీ యడుగగా 1953 మార్చి యనెను. 1957లో శస్త్రవైద్యునితో కలిసి ఆమె తన పేరిట ఈ ఫలితమును ప్రకటించగా, క్రొత్త జ్ఞాపకము నిలుచుటకు మెదడులో నే భాగము కావలయునో లోకమునకు తెలిసినది.

అతనిచేత మిల్నరు మఱియొక పనియు చేయించినది. అద్దములో చూచుచు నక్షత్రాకారపు గీతల నడుమ పెన్సిలు నడుపుట ఆ పని. మూడు దినములలో అతని చేయి చక్కగా నేర్చినది. తాను మాత్రము ఇది మునుపెన్నడును చేసి యెఱుగననెను. ముగ్గు పెట్టు వ్రేళ్ల జ్ఞాపకము వేఱు, నిన్న ముగ్గు పెట్టితినను జ్ఞాపకము వేఱు అని దీనివలన తేలినది. మిల్నరు శిష్యురాలు సుజాన్ కార్కిన్ 1964లో మెక్‌గిల్‌లోనే పట్టము పొంది, 2008లో మొలైసన్ మరణించు వఱకును అతనిని గుఱించిన పరిశోధన సాగించెను.

పట్టమునకు గల ప్రయోజనము మాకిచ్చట కనబడినది. ఇంటిచదువు మనసును వెలిగించును. దానిని మేము తక్కువ చేయము. కాని వైద్యశాలలో నొక రోగియెదుట కూర్చుండుటకు, తేలిన ఫలితమునకు తన పేరు పెట్టుకొనుటకు, తరువాత వచ్చు పిల్లకు తానే పరీక్షకురాలై పట్టమిప్పించుటకు అధికారము కావలెను. కాల్కిన్సునకు వెల్స్లీలో ఉద్యోగమున్నది, అండగా తండ్రియున్నాడు. ఆ పాటి ఆసరా లేక తలుపువద్దనే మఱలిపోయిన స్త్రీల పేర్లు మనకు తెలియవు.

ఈ సంగతులన్నియు వ్రాసి మా యాడుబిడ్డకు జాబు పంపితిమి. మేనకోడలిని చేర్చుటకు ముందు నాలుగు మాటలు అడిగి తెలిసికొమ్మంటిమి: మార్గదర్శి యెవరు? ఆయన శిష్యురాండ్రు ఇంతకుముందు ఎందఱు పూర్తిచేసిరి? నెలనెల వేతన మెంత యిత్తురు? పిల్ల చేసిన పని పిల్ల పేరిట అచ్చగునా? వీనికి మంచి సమాధానము వచ్చినచో అయిదాఱేండ్లు ఎక్కువ కాదని వ్రాసితిమి.

ఆడుబిడ్డవద్దనుండి ఇంకను ప్రత్యుత్తరము రాలేదు. మేనకోడలు మాత్రము దరఖాస్తు పంపినట్లు వినుచున్నాము.