ప్రక్క సీటు



ఉద్యోగమునకై ప్రతిదినము బస్సునెక్కు స్త్రీ, ఉదయముననే అన్నము వార్చి, పిల్లల సంచులు సర్ది, తన డబ్బా కట్టుకొని వీధిలోనికి వచ్చునప్పటికే సగము దినపు పని ముగించియుండును. అట్టి యామెకు బస్సులో కూర్చుండ చోటు దొరకిన, అది యరగంట విశ్రాంతి. ఆ విశ్రాంతి కొరకు మనము చేయు నొక చిన్న యన్యాయమును గూర్చి యీ నెల ముచ్చటింపదలచితిని. చేసినదానను నేనే.

నేను హైదరాబాదులో కచేరీకి బస్సులో పోవుదానను. ఈ నగరమునకు బస్సు క్రొత్తది కాదు. 1932 లోనే నిజాము రాష్ట్రపు రైల్వేవారు 27 బస్సులతో నీ సదుపాయమును ప్రారంభించిరి. క్రొత్తది మనకు లభించిన యుచితప్రయాణము. 2023 డిసెంబరు 9వ తేదీన తెలంగాణ స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను, నగరపు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలోను ఛార్జీ తీసివేసిరి. 2025 ఆగస్టు 15వ తేదీన ఆంధ్రప్రదేశమునందును ఇట్టి యేర్పాటు వచ్చినది. అది మొదలు సమ్మర్దము హెచ్చినది. “ఉచితమగుటచేతనే కదా యిందఱెక్కుట!” యని నేనును విసుగుకొంటిని. నా టిక్కెట్టును ఉచితమే యను మాట అప్పుడు జ్ఞప్తికి రాలేదు.

ఒకనాడు, తరువాతి స్టేజీలో నెక్కు స్నేహితురాలికై ప్రక్క సీటుపై నా సంచి నుంచితిని. వయసు మీరిన యొకామె కమ్మీ పట్టుకొని నా చెంతనే నిలిచినది. నేను చూడనట్లు కిటికీవైపు తిరిగితిని. కొంతసేపటికామె, “బిడ్డా! సంచికి గూడ కాళ్లు నొస్తయా?” యని మెల్లగా నడిగినది.

సిగ్గుతో సంచిని ఒడిలోనికి తీసికొంటిని. ఆమె కూర్చుండి, కోపము లేకయే మాటాడినది. రెండిండ్లలో అంట్లు తోమునట. మునుపు ఛార్జీ మిగులుటకై సాయంకాలము నడచియే యింటికి పోయెడిదట. “ఇప్పుడు పొద్దుండంగనే ఇల్లు చేరుతున్న. మనుమరాలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్ల ఉంటున్న” అనెను. నేను విసుగుకొన్న సమ్మర్దములో ఆ పిల్లకు తోడుగా నుండుటకై త్వరపడు నీ ముసలమ్మయు నున్నదని అప్పుడు తెలిసినది.

నాటినుండి నేను కొన్ని నియమములు పెట్టుకొంటిని, మీకును నచ్చవచ్చును. రానివారి కొరకు సంచియో రుమాలో వేసి సీటు పట్టరాదు. వృద్ధులు, గర్భిణులు, చంటిబిడ్డ తల్లులు కనబడిన, అడుగకమున్నే లేవవలెను. ఛార్జీ లేదని టిక్కెట్టు మానరాదు. కండక్టరిచ్చు జీరో టిక్కెట్ల లెక్కను బట్టియే ప్రభుత్వము సంస్థకు సొమ్ము చెల్లింపవలసియుండును. మనము తీసికొనని టిక్కెట్టు ఆ లెక్కలో చేరదు.

ఆనాడు నా స్నేహితురాలు నిలువుకాళ్లపై వచ్చి, కొంచె మలిగినది. మఱునాడును ఆమెకు సీటు దొరకలేదు. ఆమె సంచిని, డబ్బాను అందుకొని నా యొడిలో నుంచుకొంటిని. దిగువఱకు ఇద్దఱమును కబుర్లు చెప్పుకొనుచునే యుంటిమి.