కడుపు తీయించుకున్నాక ఆమెను ఎవరు చూశారు?

గర్భస్రావం తర్వాత స్త్రీల మానసిక స్థితి గురించి చర్చ వచ్చినప్పుడల్లా ‘ఆమె పశ్చాత్తాపపడుతోందా?’ అన్న ప్రశ్నే ముందుకొస్తుంది. ఆ నిర్ణయం ఎవరిది, ఆ తర్వాత ఆమెను ఎవరు చూశారు అని మాత్రం అడగరు. నా దృష్టిలో అసలు ప్రశ్నలు ఇవే.

అమెరికాలో 2008లో మొదలైన ‘టర్నవే’ అధ్యయనం దాదాపు వెయ్యిమంది స్త్రీల అనుభవాలను ఐదేళ్ళపాటు నమోదు చేసింది. గర్భస్రావం చేయించుకున్నవారిలో అత్యధికులు ఐదేళ్ళ తర్వాత కూడా తమ నిర్ణయం సరైనదేనన్నారు. లోకం నిందిస్తుందని భయపడినవారే ఎక్కువ బాధపడ్డారు. వాళ్ళంతా తామే కోరి ఆస్పత్రికి వెళ్ళిన స్త్రీలు. లింగ నిర్ధారణను 1994లోనే చట్టం నిషేధించినా, కడుపులో ఆడపిల్ల అని తెలుసుకుని అత్తింటివారు బలవంతంగా తీయించిన స్త్రీ దుఃఖం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం ఇద్దరికీ అన్యాయమే.

కృష్ణా డెల్టాలో బాలింతకు పథ్యం ఉంది, వేణ్ణీళ్ళున్నాయి, పుట్టిల్లుంది. కడుపు తీయించుకున్న మనిషికి ఇవేవీ లేవు. ఊళ్ళో తెలియకూడదని విజయవాడ వచ్చి, సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్ళి, ఇరుగుపొరుగుకు ‘కడుపు పోయింది’ అని చెప్పి, పచ్చి ఒంటితో మర్నాడే నాట్లకు దిగుతుంది. నాతో మాట్లాడిన స్త్రీలు గర్భం గురించి కన్నా ఈ ఒంటరితనం గురించే ఎక్కువ చెప్పుకున్నారు.

చట్టం ఇంతకన్నా ముందుంది. 1971 చట్టం ప్రకారం మేజరైన స్త్రీ సమ్మతి చాలు, భర్త సంతకం అక్కర్లేదు. 2021 సవరణ ఆమె వివరాలు బయటపెట్టడాన్ని నేరం చేసింది. పెళ్ళికాని స్త్రీలకూ 24 వారాల వరకు ఈ చట్టం వర్తిస్తుందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రసూతి సౌకర్యాల చట్టానికి 1995లో చేసిన సవరణ, గర్భస్రావం చేయించుకున్న ఉద్యోగినికి ఆరు వారాల జీతంతో సెలవిచ్చింది. మరి నాట్లు వేసే కూలీకి ఆ సెలవు ఎవరిస్తారు?

ఇక్కడే మన బాధ్యత మొదలవుతుంది. సంఘం కార్యకర్త ఆమెను ఒంటరిగా కలవాలి. ‘పాపం’ అనకూడదు, ‘మర్చిపో’ అనీ అనకూడదు. ఆమె ఊరట పడితే పడనివ్వాలి, ఏడిస్తే ఏడవనివ్వాలి. జ్వరం, ఆగని రక్తస్రావం ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నిద్ర, తిండి లేక రెండు వారాలు గడిస్తే మానసిక వైద్యులకు చూపించాలి. 2022లో మొదలైన టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఉపాధి హామీ పనుల దగ్గర, కూలి ముఠాల్లో ఆమెకు విశ్రాంతి కోసం మనం పట్టుబట్టాలి. చట్టం ఇచ్చిన హక్కు ఆస్పత్రి గుమ్మం దగ్గరే ఆగిపోతే అది సగం హక్కే.